సెర్వా ఎడమచెయ్యి

కుమాసీ బజారులో అరటికాయలమ్మే అఫ్రియే నోటికి జడవనివాళ్లు లేరు. ఆమె మనవరాలు, మూడేళ్ల సెర్వాది ఎడమచేతి వాటం. ఆ ఊళ్లో ఎవరికైనా ఎడమచేత్తో ఇస్తే మొహాన కొట్టినట్టే. అందుకే అఫ్రియే ఆ చేతికి గుడ్డ చుట్టి ఉంచేది.

పిల్లని బడిలో వేద్దామని ముందు మేడబడికి వెళ్లింది. అక్కడి టీచరమ్మ గుడ్డ చూసి మెచ్చుకుంది. "మంచి పని చేశావు! మేమైతే ఇంకా గట్టిగా కడతాం. దెబ్బకి దారికొస్తుంది."

అఫ్రియేకి ఒళ్లు మండిపోయింది. "నా పిల్ల చెయ్యి నేను కడితే ఒక ఎత్తు, నువ్వెవరే కట్టడానికి!" అని చరచరా బయటికొచ్చేసింది.

సందు చివర ఇంకో బడి ఉంది. రేకుల పాక, ముందు ఇసక, ఇసక నిండా పిల్లలు. పంతులమ్మ న్యార్కో ఎదురొచ్చేలోపే సెర్వా గుడ్డ ఊడబీక్కుని, తను తింటున్న వేరుశనగల్లోంచి ఒక గింజ ఎడమచేత్తో ఆమెకి ఇవ్వబోయింది.

అఫ్రియే గబగబా అడ్డొచ్చింది. "ఏమనుకోకు తల్లీ, పెంపకం లేక కాదు..."

న్యార్కో ఇసకలో మోకాళ్లమీద కూర్చుని, తనూ ఎడమచెయ్యే చాచి ఆ గింజ తీసుకుంది. నోట్లో వేసుకుని, "అమ్మమ్మా, ఆ కిందపడ్డ గుడ్డ దేనికి?" అని అడిగింది.

అఫ్రియే వంగి గుడ్డ తీసి దులిపింది.

"ఇదా? పిల్లకి ముక్కు తుడవడానికి," అంటూ తన కళ్లు తుడుచుకుంది.