నాగలి తప్పించిన చోటు

నా చిన్నప్పుడు మేడ్చల్ దాటాక మాకు ఒక జొన్నచేను ఉండేది. దాని మూలన మంచమంత జాగా ఎప్పుడూ బీడుగానే ఉండేది. దున్నేటప్పుడు నాగలిని అక్కడ పక్కకు తప్పించేవాళ్లు. మా అవ్వకు, అంటే నాయినమ్మకు, పుట్టి మూడు నెలలకే పోయిన ఆడబిడ్డను అక్కడ పూడ్చారు. పసిపిల్లలకు మావాళ్లు సమాధి కట్టరు, రాయి కూడా పెట్టరు. నాగలి తప్పించడం ఒక్కటే గుర్తు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాయిన ఆ చేనును ఫ్యాక్టరీ కార్మికుల కాలనీకి ఇచ్చేశాడు. తన చెల్లెలు ఉన్న చోటు ఆయనకు గుర్తు రాలేదో, గుర్తొచ్చినా నోరు మెదపలేదో తెలియదు. ఆ కోపం నాకింకా పోలేదు. చేనంతా చదును చేసి ప్లాట్ల హద్దురాళ్లు పాతారు.

అక్కడ మొదటి ఇంటి పునాదికి ముగ్గు పోసే రోజున అవ్వ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. గోడ ఆ చోటు మీద పడితే ఇంటివాళ్లను బతిమాలి రెండడుగులు జరిపిస్తానంది. తీరా వెళ్తే వంటింటి గోడ గీత సరిగ్గా ఆ చోటు మీదుగానే పోతోంది. పక్కనే ఇంటావిడ నిలబడి ఉంది, కడుపుతో. ఇద్దరు పిల్లలు పుట్టి దక్కలేదని, ఈ బిడ్డనైనా సొంతింట్లో పెంచుకోవాలని ఉందని తనే చెప్పుకుంది. నేను చెప్పబోతే అవ్వ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

“మా చేను మట్టి మంచిది బిడ్డా. నీ ఇల్లు సల్లగుంటది,” అంది.

పునాది తవ్వడం అయ్యేదాకా ఎండలో అక్కడే నిలబడింది. మట్టి తప్ప ఏమీ బయటపడలేదు. తిరిగొచ్చేటప్పుడు ఎందుకు చెప్పలేదని నేను ఏడుస్తూ కొట్లాడాను. అవ్వ కూడా ఏడుస్తూనే ఉంది.

“నా దుఃఖం నాది. ఆమె దినాం గా గోడ పక్కన్నే వండుకోవాలె. గా భయం ఆమెకెందుకు పెట్టాలె?”

ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టింది, దక్కింది. నెలరోజులు అవ్వే వెళ్లి ఆ పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది. పోసి ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకునేది.

చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా ఆ ఇల్లు అలాగే ఉంది. ఆ పిల్ల ఇప్పుడు మనవలున్న మనిషి, నన్ను అక్కా అని పిలుస్తుంది. అవ్వ చేసింది సరైనదేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే. ఆ పసిదానికి భూమ్మీద ఏ గుర్తూ మిగల్లేదు. ఆ చోటు తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే. ఆ వంటింట్లో ఎన్నిసార్లు చాయ్ తాగానో, అన్నిసార్లూ మాట నాలుక దాకా వచ్చింది. చెప్పలేదు. చెప్పను.