విప్పగలిగే మిక్సీ

కొత్తగూడలోని ఒక మిక్సీల కంపెనీలో డిజైనరుగా పనిచేసే వసుంధర చేతికి ఏ వస్తువు అందినా ముందు దాన్ని బోర్లిస్తుంది. స్క్రూలు కనబడితే బొటనవేలితో ఒకసారి తడిమి తృప్తిగా తల ఊపుతుంది. అడుగు అతికించేసి ఉంటే నాలుక చప్పరించి పక్కన పెడుతుంది. ప్రొద్దుటూరులో వాళ్ల నాన్న రేడియోలు బాగుచేసేవాడు. బడి వదలగానే ఆమె ఆ కొట్లో కూర్చుని, ఆయన విప్పిన స్క్రూలను కొబ్బరిచిప్పలో వేసుకుని కాపలా కాసేది. సోల్డరింగ్ పొగ వాసన ఆమెకు ఇప్పటికీ ఇష్టం. ఆమె గీసే మిక్సీలన్నీ విప్పి బాగుచేసుకోవడానికి వీలుగా ఉంటాయి.

కొత్త నమూనా మీద మొన్న జరిగిన మీటింగులో, ఆమెకంటే చిన్నవాడైన మేనేజరు ఓంకార్ అడ్డు చెప్పాడు. "స్క్రూలు ఎందుకు మేడం? గమ్ముతోని అతికిస్తే అయిపాయె. ఈ కాలంల రిపేరు ఎవరు చేయించుకుంటరు?"

వసుంధర వాదించలేదు. "మీ ఇంట్లో చెడిపోయినా పారెయ్యనిది ఏమన్నా ఉందాప్పా?" అని అడిగింది.

"మా అమ్మ మిక్సీ ఉన్నది. అమ్మ పోయినంక పారేయబుద్ధి కాలే," అన్నాడు ఓంకార్.

మర్నాడు దాన్ని పాత తువ్వాలులో చుట్టి తెచ్చాడు. వసుంధర అడుగు విప్పి, మోటారులో అరిగిన కార్బన్ బ్రష్షులు మార్చి, స్విచ్చి తిప్పింది. మిక్సీ గర్రుమంది. గమ్ము మాట ఓంకార్ మళ్లీ ఎత్తలేదు. ఆమె ఆపబోతుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"జరసేపు తిరగనియ్యండి మేడం. చిన్నప్పుడు రోజూ గీ చప్పుడుకే లేస్తుంటి."