సీల్ తియ్యని ఫోను

సిలాస్ అంటే నాకు కుళ్ళు. ఇంతకంటే మర్యాదైన మాట కోసం వెతికాను గానీ దొరకలేదు. అతని గురించి అడిగితే మంచివాడు, కష్టపడతాడు, దైవభక్తి ఉంది అని చెప్పేవాళ్ళు క్యాంపులో యాభైమంది ఉంటారు. అవన్నీ నిజమే. ఆ నిజాలే నాకు మింగుడుపడేవి కావు.

ముందు నా సంగతి. గల్ఫులో ముసఫ్ఫా అనే చోట, మా కంపెనీ పనివాళ్ళ క్యాంపులో నేను ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌ని. పేరు వెంకటరాజు, ఊరు భీమవరం దగ్గర. వచ్చింది 2010లో. ఉద్యోగం ఏదైనా క్యాంపులో నన్ను పిలిచేది మాత్రం ఫోన్ల రాజు గారని. సెలవు మీద ఇంటికి వెళ్ళే ప్రతివాడి పెట్టెలోనూ ఒక ఫోను ఉండాలి. సబ్బులు, బాదంపప్పు, సెంటు సీసాలు ఎన్ని ఉన్నా ఫోను లేకపోతే దుబాయ్ నుంచి వచ్చినట్టే కాదు. మరీ చవకది కొంటే పరువు తక్కువ. మరీ మంచిది కొందామంటే జీతం చాలదు. ఆ రెంటికీ మధ్య, ఆరువందల దిర్హాముల నుంచి తొమ్మిదివందల దాకా ఉండే ఫోన్లలో ఏది కొనాలో తేల్చేవాణ్ణి నేను.

శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ బస్సు బనియాస్ బజారుకి వెళ్ళేది. తోలేది హయాత్ బాషా, రాయచోటివాడు. అతని పక్కన, ఏసీ గాలి నేరుగా తగిలే ముందు సీటు నాది. ఆరేళ్ళు అందులో ఇంకొకడు కూర్చోలేదు. వారమంతా యూట్యూబు చూసి ర్యామ్ ఎంత, మెమొరీ ఎంత, వెనక కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు, బ్యాటరీ ఎంత అని కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకునేవాణ్ణి. దుకాణం నడిపే కేరళ మలబారీ నన్ను చూడగానే కుర్చీ వేసి పాలు లేని సులేమానీ టీ తెప్పించేవాడు. నేను తలాడిస్తే బేరం ఖలాస్.

ఇంకొక అలవాటు కూడా ఉండేది. కొన్న ఫోను ఎవరిదైనా సీలు నేనే తీసి, నా సిమ్ము వేసి, ఇంట్లో మా సీతాదేవితో ఐదు నిమిషాలు మాట్లాడి, మళ్ళీ పెట్టెలో సర్ది ఇచ్చేవాణ్ణి. నా చేతి బోణీ అనేవాణ్ణి. "పెళ్ళాంతో కబుర్లాడందే రాజు గారు ఫోను వదలరు" అని అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. అసలు కారణం వేరు. ఒక కంపెనీ ఫోన్ల డబ్బా వెనక చిన్న చీటీ ఉంటుంది. అవి ఈ గల్ఫు దేశాల సిమ్ముతో ముందు ఐదు నిమిషాలు మాట్లాడితేనే తర్వాత ఇంకెక్కడి సిమ్మునైనా తీసుకుంటాయి. లేకపోతే ఇంటికి వెళ్ళాక మొండికేస్తాయి. మలబారీ ఈ మాట నా చెవిలో వేసి రెండేళ్ళయింది. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నా గొప్ప ఏముంటుంది?

2016 మొదట్లో సిలాస్ వచ్చాడు. రేపల్లె వైపువాడు, ఏసీ మెకానిక్కు, ముప్పై లోపు. ముందు పన్ను కొంచెం విరిగి ఉంటుంది, అయినా నోరంతా తెరిచి నవ్వుతాడు. శుక్రవారం పొద్దున చర్చికి వెళ్ళొచ్చి, ఇస్త్రీ చొక్కా విప్పకుండానే పక్క మంచాలవాళ్ళకి ఉల్లిపాయలు తరిగి పెడతాడు. అతని చేతిలో ఉన్నది బటన్ల ఫోను. అది చూసి మొదటి రోజే నేను అతన్ని లెక్కలోంచి తీసేశాను.

తాపీమేస్త్రీ దయారత్నం ఇంటికి ఫోను కొంటున్న రోజు సిలాస్ కూడా బస్సెక్కాడు. నేను కాగితం తీసి ర్యామ్ గురించి చెబుతున్నాను.

"ఎవరికండీ ఫోను?" అన్నాడు సిలాస్ మధ్యలో.

"మా నాన్నకి" అన్నాడు దయారత్నం.

"ఆయన చేతులెలా ఉంటాయండీ? వణుకుతాయా?"

వణుకుతాయన్నాడు దయారత్నం. సిలాస్ నేను చూపించిన నున్నటి ఫోను పక్కనపెట్టి, వెనక గరుగ్గా ఉన్నదాన్ని, అక్షరాలు పెద్దవి చేసుకోగలిగేదాన్ని ఇప్పించాడు. అది నేను చెప్పినదానికంటే తక్కువ ధర. దయారత్నం సెలవు నుంచి తిరిగొచ్చి, వాళ్ళ నాన్న ఫోనెత్తడం నేర్చుకున్నాడని మెస్సులో అందరికీ చెప్పాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరే అటు జారారు. నా ముందు "రాజు గారూ" అంటూనే, వెనకనుంచి "సిలాస్‌ని కూడా ఒక మాట అడుగుదాం" అనేవాళ్ళు. ఒక శుక్రవారం నేను వచ్చేసరికి ముందు సీట్లో సిలాస్ ఉన్నాడు. లేవబోయాడు. బాషా అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"ఈ పొద్దుకి ఈయప్పను కూచోనీ రాజు భాయ్. మా ఆడమనిషికి ఫోను కొనల్ల. దోవలో మాట్లాడుకుంటా పోతాం."

వెనక సీట్లో కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయింది. ఇంజను మోతలో వాళ్ళ మాటలు ముక్కలు ముక్కలుగా వినబడుతున్నాయి.

"ఆమెకి చెవుడప్పా. మాటా రాదు. నేను చేతులతో చెప్తే ఆమె చేతులతో చెప్తాది. రెండేండ్లకొకసారి పోయినప్పుడే మేం మాట్లాడుకునేది. మా బావమరిది ఫోను చేసి బాగుండాదంటాడు. అంతే."

ఆరేళ్ళు ఆ మనిషి పక్కన కూర్చున్నాను. అతని భార్యకు వినపడదని నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. సిలాస్‌కి అడగడానికి మొదటి సిగ్నలు దాకా కూడా పట్టలేదు. నేను అప్పుడు సిగ్గుపడి ఉండవలసింది. సిగ్గుపడలేదు, ఇంకా మండిపోయాను.

దుకాణంలో నా కాగితం నేను తీశాను. పదమూడు మెగాపిక్సెళ్ళ వెనక కెమెరా, మూడు జీబీ ర్యామ్, ఎనిమిదివందల లోపు, ఇంతకు మించినది బనియాస్‌లో లేదని చెప్పాను. సిలాస్ నా ఫోనునీ, ఇంకో ఫోనునీ పట్టుకుని మెట్ల కింద చీకటిగా ఉన్న మూలకి బాషాని తీసుకెళ్ళాడు.

"మీ ఇంట్లో లైటు ఇంతే ఉంటుంది కదండీ? ఇప్పుడు మీ ఆవిడతో చెప్పినట్టు ఏదైనా చెప్పండి."

బాషా సిగ్గుపడుతూ వేళ్ళు కదిపాడు. సిలాస్ రెండు ఫోన్ల ముందు కెమెరాలతోనూ వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూపించాడు. నేను మెచ్చిన ఫోనులో వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. రెండోదానిలో ఐదు వేళ్ళూ విడివిడిగా కనిపించాయి. దాని వెనక కెమెరా ఎనిమిది మెగాపిక్సెళ్ళే. అది చూసే నేను దాన్ని నా కాగితంలోకి రానివ్వలేదు.

"ఇంకోటండీ" అన్నాడు సిలాస్. "ఫోను ఒక చేత్తో పట్టుకుంటే మిగిలిన చేత్తోనే మాట్లాడాలి. నిలబెట్టుకునే కవరు తీసుకోండి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి."

మలబారీ "షాబాష్" అన్నాడు. ఆ మాట ఆ దుకాణంలో నా సొత్తు. టీ కూడా ఆ రోజు ముందు సిలాస్‌కే వచ్చింది.

బిల్లు అయ్యి మలబారీ ఇంకో బేరంలో పడ్డాక, అలవాటు ప్రకారం డబ్బా అందుకుని సీలు మీద గోరు పెట్టాను.

"రాజు గారూ, ఈ ఒక్కదానికి బోణీ వద్దండి" అన్నాడు సిలాస్ మెల్లగా. "ఆవిడ మొదటి ఫోను కదా. సీలు ఆవిడ చేత్తో ఆవిడే తియ్యాలండి."

బాషా కళ్ళు చెమర్చాయి. "ఔనప్పా, ఆమే తియ్యల్ల" అన్నాడు.

డబ్బా తిప్పాను. వెనక ఆ చిన్న చీటీ ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. సిలాస్ ముఖం చూశాను. ఏమీ తెలియని ఆ ముఖం మీద అందరి మెప్పూ వెలుగుతోంది. వీడికి ఒక్కసారి తెలిసిరావాలి అనుకున్నాను. అచ్చంగా ఇవే మాటలు అనుకున్నాను.

"అలాగే కానివ్వండి" అని డబ్బా బాషా చేతిలో పెట్టాను.

సెలవు మీద వెళుతున్న మా క్యాంపు అమీర్ జాన్ ఆ ఫోను రాయచోటిలో ఇచ్చాడు. ఇక్కడ వాట్సాప్ వీడియో పలకదు కనక సిలాస్ వేరే యాప్ ఏదో బాషా ఫోనులో వేసి నేర్పించాడు. ఆ శుక్రవారం నమాజు అయ్యాక బాషా తల దువ్వుకుని, ఉతికిన కుర్తా వేసుకుని, బస్సు స్టీరింగుకి ఫోను ఆనించి కూర్చున్నాడు. పదిమంది కిటికీల దగ్గర మూగారు. గంట గడిచింది. చివరికి బావమరిది మామూలు ఫోను చేశాడు. బాషా విని, పెట్టేసి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు.

"సిమ్ము ఏస్తే ఏందో నంబరు అడుగుతాదంట. పని చేయలేదంట. ఆమె పొద్దన్నించి కొత్త చీర కట్టుకోని దాని ముందరే కూచోనుండాదంట."

సిలాస్ ముఖం పాలిపోయింది. "నా తప్పేనండి, నాకు తెలీలేదు" అన్నాడు. అన్నవాణ్ణి ఊరికే వదల్లేదు మావాళ్ళు. బటన్ల ఫోను పట్టుకునేవాడి మాట వింటే ఇంతే అన్నారు. రాజు గారి చేతి బోణీ పడి ఉంటే ఇలా అయ్యేదా అని కూడా అన్నారు. ఎన్నాళ్ళ తర్వాతో ఆ మాట విన్నాను. కడుపు చల్లబడింది. అబద్ధం చెప్పను, హాయిగా నిద్రపోయాను.

తరవాతి వారం ముందు సీటు నాకు తిరిగి వచ్చింది. సిలాస్ వెనకెక్కడో కూర్చుని, బనియాస్‌లో దిగగానే ఎండలో దుకాణం తరవాత దుకాణం తిరిగి అడిగేవాడు. ఎవరూ సరిగా చెప్పలేదు. మలబారీ అప్పుడు సెలవులో ఉన్నాడు.

మూడో శుక్రవారం బజారు దారిలో ఐకాడ్ అనే చోట సిగ్నలు దగ్గర బస్సు ఆగింది. పక్కకి చూశాను. బాషా స్టీరింగు వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు కదుపుతున్నాడు. ఏదో చెబుతున్నాడు, ఆగుతున్నాడు, బదులు వచ్చినట్టు తలాడిస్తున్నాడు. పచ్చలైటు పడ్డా తెలియలేదు. వెనకనుంచి హారన్లు మోగాయి. ఈ సీటు కోసం నేను ఇంత పని చేశాను. ఇందులోంచి నాకు కనిపించేది ఇదీ అని అప్పుడు తెలిసింది.

"బాషా, దానికి విరుగుడు ఉంది" అన్నాను. "మన ఇక్కడి సిమ్ము అక్కడ ఆ ఫోనులో వేసి ఐదు నిమిషాలు మాట్లాడాలి. అప్పుడు వాళ్ళ సిమ్ము తీసుకుంటుంది. నా రెండో సిమ్ము ఇస్తాను. నెలాఖరున మదనపల్లె వెల్డరు వెళ్తున్నాడు, అతనితో పంపుదాం."

బస్సంతా ఒక్కసారి గోల చేసింది. వెనకనుంచి సిలాస్ లేచి వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"మీకు ఈ సంగతి ముందే తెలుసా అండీ?"

అందరూ నన్నే చూస్తున్నారు. తెలుసంటే ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడుగుతారు.

"లేదు. నిన్ననే ఎవరో చెబితే తెలిసింది" అన్నాను.

సిలాస్ ముఖం విప్పారింది. విరిగిన పన్ను కనబడేలా నవ్వాడు. "అయితే మీకూ తెలీదన్నమాట. నేనొక్కణ్ణే తెలివితక్కువవాణ్ణేమో అని కుమిలిపోతున్నానండి. మనిద్దరం ఒకటే."

ఆరేళ్ళు కూడబెట్టుకున్న గొప్ప అలా ఒక్క అబద్ధంతో నా నోటితోనే పోయింది. వెనకనుంచి ఎవరో "ఓహో, ఫోన్ల రాజు గారికీ తెలీదంట" అన్నారు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నెల తిరిగాక, మళ్ళీ ఒక శుక్రవారం. స్టీరింగుకి ఆనించిన ఫోను మోగింది. తెరమీద బాషా భార్య మహబూబున్నీసా. సిలాస్ చెప్పిన కవరు మీద ఫోను నిలబెట్టి, రెండు చేతులూ ఎత్తి ఒక్కసారిగా మొదలుపెట్టింది. బాషా నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు, చేతులు ఆపడం లేదు. ఇన్నేళ్ళలో అతను అంతసేపు మాట్లాడటం నేను చూడలేదు. కాసేపటికి సిలాస్‌ని లాగి చూపించాడు. ఆమె గుండెమీద చెయ్యి వేసుకుని తల వంచింది. నేను జారుకోబోయాను.

"రాజు గారూ, సిమ్మిచ్చింది మీరు కదండీ, రండి" అని సిలాస్ నా భుజం పట్టి కెమెరా ముందుకి తోశాడు.

బస్సులో వెలుతురు పెద్దగా లేదు. అయినా ఆమె నన్ను చూసింది. నవ్వుతున్న మనిషి నవ్వు ఆపేసింది. ముందుకి వంగి ఇంకాసేపు చూసి, తన ముఖం దగ్గర చెయ్యి తిప్పి బాషాని ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అన్నాను.

బాషా కొంచెం తడబడ్డాడు. "ఏం లేదు రాజు భాయ్. ఈయనకేమైంది, ముఖం అట్ల పెట్టుకోనుండాడు, లోపల ఏమన్నా నొప్పా అని అడుగుతాది."

"ఏమీ లేదని చెప్పు" అన్నాను.

బాషా చేతులతో చెప్పాడు. ఆమె నా ముఖమే చూస్తూ, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.