మాత్ర కరిగేదాకా

మా అత్త పోయిందన్న కబురు వచ్చేసరికి ఆసుపత్రిలో నా నాలుక కింద మాత్ర కరుగుతోంది. అది పూర్తిగా కరిగేదాకా నోరు తెరవకూడదు, ఉమ్ము మింగకూడదు. ఫోన్ కూడా ఎత్తకూడదు కానీ, మా బావ పొద్దున పూట ఫోన్ చేసే మనిషి కాదు. ఆ మాటకొస్తే ఏ పూటా చేసే మనిషి కాదు. అందుకని ఎత్తాను.

“అమ్మ పోయింది,” అన్నాడు. “గంప ఎత్తుకుంటనని వంగింది. మల్ల లేవలే.”

నేనేమీ అనలేదు. కాసేపు ఆగి, “ఇంటున్నవా?” అన్నాడు. ఇంకాసేపు ఆగి, “మాట్లాడవేందిరా?” అన్నాడు. ఎదురుగా కూర్చున్న నర్సమ్మ నా మొహం చూసి లేచి వచ్చి, నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. “ఆయన నోట్ల మందున్నది అన్నా. కరగంగనే పంపిస్త,” అని చెప్పింది. మిగిలిన నాలుగైదు నిమిషాలూ నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం తెరవలేదు. మాత్ర ఉమ్మేసి పరుగెత్తి ఉండొచ్చు. ఉమ్మేస్తే అత్త ఊరుకోదు. చనిపోయిన మనిషి ఊరుకోకపోవడమేమిటని మీరు అడగొచ్చు. ఆమెను ఎరిగినవాళ్లు అడగరు.

ఆమె మా నాయినకు అక్క. శామీర్‌పేట చెరువు పక్క ఊళ్లో చేపలు పట్టే ఇంటికి కోడలిగా వెళ్లింది. మేడ్చల్ మార్కెట్లో నలభై ఏళ్లు చేపలమ్మింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం మార్కెట్ ఆ చివరకు వినపడేది. చేప తాజాదేనా అని ఎవరన్నా అడిగితే, తాజాదే అని ఒక్కనాడూ అనలేదు. “నా మొకం జూస్తవేంది? చేప మొకం జూడు,” అనేది. మనుషుల విషయంలోనూ ఆమె పద్ధతి అదే. నువ్వు చెప్పే మాట వినేది కాదు, నీ కళ్లు చూసేది. అందుకే నేను మూడేళ్ల పాటు ఆమె ఎదుటికి వెళ్లకుండా తప్పించుకు తిరిగాను.

అప్పట్లో నేను లారీ నడిపేవాణ్ని. మేడ్చల్ నుంచి నాగపూర్ మీదుగా పంజాబ్ దాకా. ఒకసారి నడుము పట్టేస్తే తోటి డ్రైవరొకడు గోధుమరంగు పొడి ఇచ్చాడు. నడుము నొప్పితో పాటు నిద్రలేని చికాకు, ఇంటి మీది దిగులు, అన్నీ మాయమయ్యాయి. దాన్ని హెరాయిన్ అంటారని తెలిసేసరికి అది లేకుండా రోజు గడవని స్థితికి వచ్చాను. కులాసా కోసం తీసుకుంటున్నానని ఇంట్లోవాళ్లు తిట్టేవారు. ఆ కులాసా మొదటి నెలలోనే అయిపోయింది. తర్వాత తీసుకున్నదంతా నలుగురిలా లేచి నిలబడటానికే. పూట తప్పితే ఆవులింతలు, ముక్కు కారడం, ఎముకల్లో పీకుడు, కడుపులో మెలిపెట్టడం. లారీ పోయింది. పెళ్లి సంబంధం పోయింది. మా అమ్మ నా జేబులు వెతకడం అలవాటు చేసుకుంది.

మా వైపు తాగుడు మానాలనుకునే మగవాళ్లు చాలామంది అయ్యప్ప మాల వేసుకుంటారు. మా మామ, అంటే అత్త భర్త, బతికున్నంత కాలం ఏటా వేసుకునేవాడు. చేపలమ్ముకునే ఇంట్లో నలభై ఒక్క రోజులు నీచు వండకుండా, ఆయన కోసం వేరే పొయ్యి పెట్టి అత్త ఆ దీక్ష నడిపించేది. ఏడాదిలో ఆయన తాగని రోజులు అవే. కాబట్టి నా సంగతి బయటపడ్డ రోజున ఆమె మా నాయినతో, “వీనికి మాల ఏపియ్యి తమ్మి,” అంది. ఆమె చెబితే ఇంట్లో ఇక ఎదురు మాట లేదు.

మొదటి పది రోజులు అయ్యప్ప పీఠం వెనక గదిలో చాప మీద దొర్లాను. జ్వరమని చెప్పి గురుస్వామి కషాయం ఇచ్చాడు. ఆ తర్వాత, అబద్ధమెందుకు, మంచి రోజులు గడిచాయి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, చిన్నా పెద్దా అందరూ స్వామీ అని పిలవడం. మూడేళ్లుగా నన్ను చూసి సంచి సర్దుకున్న మనుషులు నాకు దండం పెట్టారు. కొండకు వెళ్లి వచ్చి మాల తీసిన మూడోరోజున లారీల అడ్డాలో పాత స్నేహితుడు కలిశాడు. ఒక్కసారే కదా అనుకున్నాను. వెనకటి అలవాటు ప్రకారం వెనకటంతే తీసుకున్నాను. పెదవులు నీలంగా తిరిగి, ఊపిరి అందక పడి ఉన్న నన్ను టీ కొట్టాయన చూసి అంబులెన్స్‌ను పిలిచాడు. కళ్లు తెరిచేసరికి మంచం కాళ్ల దగ్గర అత్త నిలబడి ఉంది.

డాక్టరుగారు ఆమెను కూర్చోబెట్టి చెప్పారు. “మాల వేయడం తప్పు కాదమ్మా. కానీ నలభై రోజులు ఆపేసరికి ఒళ్లు ఆ మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుంది. కోరిక మాత్రం పోలేదు. అప్పుడు పాత మోతాదు తీసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. ఇది పొగరు కాదు, జబ్బు. మందు కావాలి, కౌన్సెలింగ్ కావాలి, చాలా కాలం కావాలి.”

అత్త మొత్తం విని, “గట్లయితే తప్పు నాది,” అంది. “నేను జెప్తెనే ఏసుకున్నడు.”

తప్పు ఎవరిదీ కాదని డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు. ఆమె రెండుసార్లూ తల ఊపి, రెండుసార్లూ ఒప్పుకోలేదు. “మందు ఎన్ని దినాలు?” అని అడిగింది. మొదట్లో రోజూ వచ్చి మా ముందే వేసుకోవాలి, ఎన్ని నెలలో ఇప్పుడే చెప్పలేను అన్నారాయన. “రోజు తీస్కొస్త,” అంది. అంతే. ఏడు నెలలు తీసుకొచ్చింది.

మొదటి రోజున నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఇక జన్మలో ముట్టనని ఒట్టు వేయబోయాను. “నా నెత్తి మీదికెల్లి చెయ్యి తియ్యి,” అంది. “రేపు జల్దీ లెవ్వు, సాలు.”

చీకటి విడవకముందే చెరువు నుంచి బావ చేపలు దింపేవాడు. వాటిని తీసుకుని ఆమె మేడ్చల్ వచ్చి, పక్క గంపామెకు అప్పగించి, మా వాకిట్లో నిలబడేది. రెండు బస్సులు మారాలి. ఆమె ఎక్కగానే పక్కవాళ్లు ముక్కు మూసుకుని జరిగేవారు. “సూసినవా, సీటు దొరికింది,” అని నన్ను లాగి కూర్చోబెట్టేది. ఎక్కడికి పోతున్నావని ఎవరన్నా అడిగితే దాచేది కాదు. “మా అల్లునికి పొడి అలవాటయింది. దవఖానకు తీస్కపోతున్న.” బస్సు నేల చీలి నన్ను మింగితే బాగుండేది. కానీ దూలపల్లి దగ్గర రోజూ ఎక్కే ఒక కోస్తావైపు అమ్మగారు ఒకరోజు ఆమె పక్కన చేరి మెల్లగా, “ఆ ఆసుపత్రి ఎక్కడండీ? మా తమ్ముడి కోసం,” అని అడిగింది. అప్పటినుంచి నేను తల కొంచెం ఎత్తి కూర్చున్నాను.

ఒకటి మాన్పించి ఇంకొకటి అలవాటు చేస్తున్నారని మా నాయిన గొణిగేవాడు. అత్త ఊరుకోలేదు. “నువ్వు రోజు బీపీ గోలీ ఏసుకుంటలేవా తమ్మి? నిన్ను ఎవడన్న గోలీల తిండిబోతన్నడా?” అంది. నాయిన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇక మాత్ర కరిగే ఆ పది నిమిషాలు. నర్సమ్మ మాత్ర నాలుక కింద పెట్టించి, ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టేది. అత్త నా పక్కన. పుట్టినప్పటినుంచి నేను ఎవరి మాటా పూర్తిగా విన్నవాణ్ని కాదు. మధ్యలో దూరి ఎదురు చెప్పడం నా గుణం. ఇప్పుడు నోరు కట్టేసినట్టయింది. “నువ్వు సప్పుడు జెయ్యక కూసునుడు ఇదే మొదలు,” అని ఆమె మహా సంతోషపడింది. ఆ పది నిమిషాలు ముచ్చట్లు చెప్పేది. చేపలు పట్టేవాళ్ల ఇంటికి వెళ్లిన కొత్తలో తనకు నీళ్లంటే ఎంత భయమో, తెప్ప ఎక్కమంటే ఎన్ని సాకులు చెప్పిందో, మామ తాగి వచ్చి వలలో చుట్టుకుని పడుకుంటే పొద్దున ఎట్లా విప్పిందో. మాత్ర కరగగానే నర్సమ్మ నా నోరు చూసేది. అత్త మాట ఎక్కడుంటే అక్కడే వదిలి లేచేది. ఎండ ముదిరేలోపు మార్కెట్లో ఉండకపోతే చేప పాడవుతుంది.

ఆమెను నేను బాధపెట్టిన రోజు కూడా చెప్పాలి. మూడో నెలలో ఒకనాడు మాత్రను బుగ్గకు తోసి దాచుకున్నాను, తర్వాత కావాలంటే ఉంటుందని. ముచ్చట చెప్తూ చెప్తూ ఆమె ఆగి నా మొహం చూసింది. “సిస్టరమ్మా, ఈడు బుగ్గల దాసిండు సూడు,” అని హాలంతా వినపడేలా అరిచింది. అందరి ముందూ నోరు తెరిపించారు. బయటికి వచ్చాక, “నా బతుకు నాది. నీ కొడుకును చూసుకో పో,” అన్నాను. ఇంకా అనరాని మాటలు అన్నాను, అవి ఇక్కడ రాయను. బస్సులో మొదటిసారి మేం చెరో చోట కూర్చున్నాం.

రెండు రోజులు వెళ్లలేదు. ఒళ్లు మళ్లీ పీకడం మొదలైంది. మూడోరోజు చెప్పులేసుకుని బయటికి వచ్చేసరికి అత్త వాకిట్లో నిలబడే ఉంది. ఆ రెండు రోజులూ వచ్చి, కాసేపు నిలబడి, తలుపు కొట్టకుండానే వెళ్లిపోయిందని తర్వాత మా అమ్మ చెప్పింది. “నడువు, బస్సొస్తది,” అంది నాతో. జరిగిన దాని గురించి ఆ రోజూ ఎత్తలేదు, మరే రోజూ ఎత్తలేదు. నేను క్షమించమని అడగలేదు. అడగాలని చాలాసార్లు అనుకున్నాను. బతికే ఉంది కదా, ఎప్పుడైనా అడగవచ్చనుకున్నాను.

తర్వాత డాక్టరుగారు వారానికొకసారి వస్తే చాలన్నారు. మొదటి మాత్ర వాళ్ల ముందు వేసుకుని, మిగతావి ఇంటికి తెచ్చుకోవడం. దూలపల్లిలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో పని దొరికింది. “ఇగ నువ్వే పో,” అని అత్త రావడం మానేసింది. ప్రతి సోమవారం ఫోన్ చేసి, “పోయొచ్చినవా?” అని అడిగి, పోయొచ్చానంటే పెట్టేసేది. నేనూ అంతకు మించి మాట్లాడేవాణ్ని కాదు. ఇప్పుడు సోమవారం ఫోన్ మోగదు. మోగదని తెలిసీ చార్జింగ్ చూసుకుంటున్నాను.

ఆమెను సాగనంపిన రోజు సాయంత్రం నాకు పాత కోరిక వచ్చింది. ఈ మాట దాస్తే ఈ స్మృతికి అర్థం లేదు. ఇన్నాళ్ల తర్వాత, చెరువు గట్టు మీద అందరూ ఏడుస్తుండగా, ఒక్కసారి తీసుకుంటే ఈ బరువు దిగిపోతుందని ఒళ్లు చెప్పింది. కౌన్సెలింగ్‌లో వాళ్లు ముందే చెప్పారు, పెద్ద దుఃఖం వచ్చినప్పుడు ఇది తలెత్తుతుందని, అప్పుడు ఒంటరిగా ఉండొద్దని. నేను వెళ్లి బావకు చెప్పాను. నా వల్ల ఏడు నెలలు రోజూ ఇంకా ముందే లేచి వల లాగిన మనిషి. అప్పట్లో నాతో ఒక్క మాట అనలేదు, మాట్లాడలేదు కూడా. నేను చెప్పింది విని, “ఈడనే ఉండు,” అన్నాడు. పదకొండు రోజులు నన్ను తన పక్కనే పడుకోబెట్టుకున్నాడు. మధ్యలో సోమవారం వస్తే బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అత్త కూర్చునే చోటే కూర్చున్నాడు బావ. పది నిమిషాలు ఏం చేయాలో తెలియక చేతులు ఒడిలో పెట్టుకున్నాడు. నర్సమ్మ నా నోరు చూసి వెళ్లాక అడిగాడు. “అమ్మ ఈడ గూసోని ఏం జేసేది?”

“ముచ్చట్లు చెప్పేది.”

“మాకెన్నడు జెప్పలే. ఇంట్ల ఉంటే పనే. ఒకటి జెప్పు,” అన్నాడు.

నాకు గుర్తొచ్చింది చెప్పాను. పెళ్లయిన ఏడాదే అత్త అత్తగారింటి నుంచి వచ్చేసిందట. ఎవరికీ చెప్పకుండా, శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు నడుచుకుంటూ, ఇక మళ్లీ ఆ గడప తొక్కనని. సగం దారిలో, రోడ్డు కింద నీళ్లు పోయే ఒక మోరీ గట్టు మీద కూలబడి ఏడుస్తుంటే మేకలు కాసే ఒక ముసలామె వచ్చి పక్కన కూర్చుంది. ఏమైందని అడగలేదు. చాలాసేపు కూర్చుని, ఒక్క మాట అందట. ఆ మాటకు అత్త లేచి వెనక్కి తిరిగింది.

బావ ఇటు తిరిగాడు. తల్లి అట్లా ఇల్లు విడిచిందని అతనికి తెలియదు. “ఏమన్నదట?” అన్నాడు.

నాకూ తెలియదు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మాత్ర కరిగిపోయింది. అత్త కొంగు సర్దుకుని లేచింది. అది నేను రెండు రోజులు ఆసుపత్రికి ఎగ్గొట్టి తిరిగి వచ్చిన రోజు. మొహం ముడుచుకుని ఆమె వెనక నడిచానే గానీ, ఆమె ఏమంది అత్తా అని నేను అడగలేదు. బస్టాపులో అడగవచ్చు, బస్సులో అడగవచ్చు, ఆ తర్వాత ఏ సోమవారమైనా అడగవచ్చు. నా నోట్లో అప్పుడు మాత్ర లేదు.

ఆ సంగతి బావకు ఉన్నదున్నట్టు చెప్పాను. తిరుగుదారిలో మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డు ఎక్కాక బండి నెమ్మది చేశాడు. ఆ దారి ఇప్పుడు వెడల్పు చేశారు, రెండు పక్కలా వెంచర్ల ప్రహరీలు లేచాయి. అయినా మోరీ వచ్చిన ప్రతిచోటా బావ కాలు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, మళ్లీ కదిలాడు. నాలుగోదాని దగ్గర బండి ఆపేశాడు. అది పాతరాతి మోరీ. “ఈడ గావచ్చు,” అన్నాడు. నిజానికి అది ఎక్కడైనా కావచ్చు. దిగి ఆ గట్టు మీద ఒక చివర అతను కూర్చున్నాడు, ఇంకో చివర నేను కూర్చున్నాను. మధ్యలో ఒక మనిషి కూర్చునేంత చోటు మిగిలింది. లారీలు పోతూనే ఉన్నాయి. చాలాసేపటిదాకా మా ఇద్దరిలో ఎవరమూ దగ్గరికి జరగలేదు.