సెలైన్ లేని వానాకాలం

ఎనభైల మొదట్లో నేను రాయ్‌పూర్ పక్కన భన్‌పురిలో, ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో నర్సుగా ఉండేదాన్ని. రెండు గదులు, నాలుగు మంచాలు. డాక్టరుగారు ధర్సీవా నుంచి వారానికి రెండుసార్లు వచ్చేవారు. మిగతా రోజుల్లో నేనూ, ముసలి కాంపౌండరూ.

ఆ వానాకాలం ఫ్యాక్టరీ కూలీల బస్తీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మంచాలు చాలక జనాన్ని నేలమీద పడుకోబెట్టాం. సెలైన్ పంపమని రాయ్‌పూర్‌కి రెండుసార్లు కబురు చేస్తే, రెండుసార్లూ స్టాకు లేదన్నారు. ఒక మధ్యాహ్నం లారీలకు సరుకెత్తే హమాలీ ఒకడు తన భార్యను భుజాన వేసుకొచ్చాడు. నిండు గర్భిణి. కళ్ళు లోపలికి పీక్కుపోయాయి. ఆఖరి సీసా అప్పటికే ఒక ముసలాయనకు ఎక్కుతోంది.

"అది తీసి దీనికి పెట్టు," అన్నాడు హమాలీ.

"సగంలో తీస్తే ఆయన పోతాడు భయ్యా."

ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పోశాను. మింగలేకపోయింది. గంటలోపే నా చేతుల్లో పోయింది.

అతను ఏడవలేదు. బయటికి వెళ్ళి, ఏడెనిమిది మందితో ఇనపరాడ్లు పట్టుకుని వచ్చాడు. మొదటి దెబ్బ మందుల బీరువా మీద పడింది. రోగులు నేలమీద పాకుతూ తలుపువైపు వెళ్ళారు. అడ్డం వెళ్ళిన కాంపౌండరును జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టారు.

"దవాయీ సబ్ బేచ్ ఖాయే!" మందులన్నీ అమ్ముకు తిన్నారని అరుపులు.

నేను ముసలాయన సెలైన్ స్టాండుకి అడ్డంగా నిలబడ్డాను. రాడ్డు నా ఎడమచేతి మీద పడింది. నొప్పికంటే ముందు ఎముక విరిగిన చప్పుడే తెలిసింది. రెండో దెబ్బకి స్టాండు కూలి సీసా బద్దలైంది. ఆ గాజుపెంకుల మధ్యే ముసలాయన సాయంత్రానికి ప్రాణం వదిలాడు.

మర్నాడు పోలీసులు హమాలీని నా మంచం దగ్గరికి తెచ్చారు. ఇతనేనా అంటే, ఇతనే అన్నాను. నా ఎదుటే లాఠీలతో మోకాళ్ళమీద కొట్టారు. ఆపమని నేను అనలేదు. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

నాన్న రైల్వేలో పనిచేసేవాడు; రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్స్ నుంచి అమ్మ వచ్చింది. "ఈ నౌకరీ వద్దే తల్లీ. బాపట్ల వెళ్ళి పిన్ని దగ్గరుందువుగాని."

"ఇప్పుడు పోతే, మందులు నేనే అమ్ముకున్నానని అనుకుంటారమ్మా."

జిల్లా ఆరోగ్యాధికారి ఆ పగిలిన గదికి ఫొటోలు తీయించి, రిపోర్టుతో భోపాల్‌కి పంపారు. అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్ళింది. మరుసటి ఎండాకాలం మాకు గ్రాంటు మంజూరైంది. వానలు పడేలోపు సెలైన్ పెట్టెలు, ఇద్దరు కొత్త నర్సులు, ఒక జీపు, నీళ్ళు పరీక్షించే సామగ్రి వచ్చాయి. పరీక్షలో బస్తీ కుళాయి నీళ్ళే విషమని తేలింది. పైపు మురిక్కాలువలో పగిలి ఉంది. కుళాయి మూయడానికి వెళితే జనం రాళ్ళు రువ్వారు. కొత్త నర్సు నుదురు చీలి నెత్తురు కళ్ళలోకి కారింది. "నీళ్ళు బంద్ చేస్తే ఏం తాగాలి?" అని ఆడవాళ్ళే ముందుకొచ్చి కొట్టారు. ఆ గ్రాంటుతోనే మర్నాడు ట్యాంకరు తెప్పించాక రాళ్ళు ఆగాయి.

ఆ వానల్లోనూ జబ్బు వచ్చింది. కానీ మా గదుల్లో ఒక్కరూ పోలేదు.

జైలు నుంచి వచ్చిన హమాలీ ఒకరోజు గుమ్మంలో నిలబడ్డాడు. గోడవారన పేర్చిన సెలైన్ పెట్టెల్ని చాలాసేపు చూశాడు.

"బహన్‌జీ, ఇవన్నీ పోయినేడు ఎక్కడున్నాయి?"

"అప్పటికి రాలేదు," అన్నాను.

మెట్లమీద కూలబడి బిగ్గరగా ఏడ్చాడు. నేను వెళ్ళి ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. లోపల ఎవరో పిలిస్తే సూది మార్చడానికి వెళ్ళాను.