మారేడ్‌పల్లిలో దొరకని పురుగు

మా జువాలజీ మేడమ్ పోయిన ఆదివారం పొద్దున కన్నుమూశారు. ఇంకో నాలుగు రోజుల్లో మన పాత విద్యార్థుల పత్రిక అచ్చుకు వెళుతుంది కాబట్టి, మనసు కుదుటపడ్డాక తీరిగ్గా రాద్దామంటే కుదరదు. ఒక కొత్త పురుగును వర్ణిస్తూ ఆమె రాసిన వ్యాసం నా దగ్గర ఉంది. అందులో ఒక్క ఖాళీ మిగిలింది. దాన్ని నింపగలిగేది మీలో ఎవరి అటక మీదో ఉందని ఆమె నమ్మారు. నేనూ నమ్ముతున్నాను.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. నాన్న స్టేషన్ గూడ్స్ షెడ్డులో హమాలీ. డిగ్రీలో ప్రాక్టికల్ పరీక్షకు ముప్ఫై పురుగుల పెట్టె పెట్టాలన్నప్పుడు, అందరిలా సీనియర్ పెట్టె తెచ్చుకుని చీటీలు మార్చి అతికించడానికి నాకు తెలిసిన సీనియర్ ఎవరూ లేరు. అన్నీ నేనే పట్టాను. ముప్ఫయ్యోది బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటి వెనక గోడ దగ్గర, చెత్తకుప్ప పక్కన మొలిచిన తుత్తురుబెండ అనే పిచ్చిమొక్క మీద దొరికింది. బియ్యపు గింజంత కూడా లేదు. మిగతావాళ్ళ చీటీల మీద, పురుగు దొరికిన చోటుగా పూలతోటలు, పార్కులు కనిపించాయి. చెత్తకుప్ప అని రాయడానికి నాకు చేయి రాలేదు. ‘మారేడ్‌పల్లి, రోజా చెట్టు’ అని రాశాను.

పరీక్ష అయ్యాక కూడా మేడమ్ పెట్టెలను వదిలేవారు కారు. సాయంత్రం వరండాలో కూర్చుని భూతద్దంతో ఒక్కో పురుగునూ చూసేవారు. ఒకరోజు నన్ను పిలిచి, నా ముప్ఫయ్యోదాన్ని చూపించి, "ఇది ఎక్కడ పట్టావమ్మా?" అని అడిగారు. చీటీలో ఉన్నదే చెప్పాను. ఆమె ఇల్లు మారేడ్‌పల్లిలోనే. చర్చి నుంచి వచ్చి, వరసగా రెండు ఆదివారాలు వల పట్టుకుని ఇంటింటికీ తిరిగారట. ఆ మర్నాడు ఎండకు కమిలిన మొహంతో క్లాసుకు వచ్చారు.

"మా పేటలో రోజా చెట్లన్నీ అయిపోయాయమ్మా. ఇంకా ఎవరింటి గేటు కొట్టమంటావు? నిన్న ఒకావిడ పూలదొంగననుకుని కుక్కను వదలబోయింది."

క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. బయటికి వచ్చాక, "మేడమ్, నేను అబద్ధం రాసిన. అది మా ఇంటి ఎనక దొరికింది" అన్నాను. మార్కులు పోతాయి, చదువు పోతుంది, నాన్న నన్ను ఇంట్లో కూర్చోబెడతాడు అనుకున్నాను.

"చెప్పేశావుగా. ఇక పద, ఆ గోడ చూపించు" అన్నారు.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చెత్త పక్కన గొంతుక్కూర్చోవడం చూసి మా అమ్మ పరేషాన్ అయింది. "ఏంది మేడమ్, గింత పురుగు కోసం గింత దూరం వచ్చిండ్రా? మా ఇంట్ల బొచ్చెడున్నయి, తీస్కపోండ్రి."

"ఇదొక్కటే చాలమ్మా. ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ రాసిపెట్టలేదనిపిస్తోంది."

"గట్లనా? గంత గొప్పదైతే మా గోడకెందుకొచ్చె?"

"మీ గోడ దానికి నచ్చింది. దాని ఇష్టం" అని మేడమ్ నవ్వారు. అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, గ్లాసు తనే కడగబోతే అమ్మ లాక్కుంది.

ఆ తర్వాత మూడేళ్ళు ఆమె పక్కన కూర్చుని వర్ణించడం నేర్చుకున్నాను. క్రిస్మస్ కార్డుల ఖాళీ వైపును చిన్న చిన్న త్రికోణాలుగా కత్తిరించి, వాటి మొనకు పురుగును అంటించేవారు. ఒకటి అంటించేంతసేపూ ఊపిరి బిగబట్టేవారు, తర్వాత పెద్దగా నిట్టూర్చేవారు. నేను ‘పసుపు రంగు’ అని రాస్తే కొట్టేశారు. "చచ్చాక పసుపైంది. బతికున్నప్పుడు లేతాకుపచ్చ. రెండూ రాయి. లేకపోతే దాన్ని నువ్వు బతికుండగా చూసినట్టే కాదు." కాళ్ళు, మీసాలు, మగదాని లోపలి భాగాలు, అన్నీ ఇదివరకు తెలిసిన జాతులతో పోల్చి చూసి, ఇది కొత్తదేనని తేల్చారు. తేలిన రోజు ఆమె చేసిందల్లా, క్యాంటీన్ నుంచి రెండు సమోసాలు తెప్పించి, పెద్దది నా వైపు జరపడం.

వ్యాసంలో పురుగు దొరికిన చోటు రాసేటప్పుడు, "చెత్తకుప్ప అని సుత రాయాల్నా మేడమ్?" అని అడిగాను.

"రేపెవరో దీన్ని వెతుక్కుంటూ వస్తే, వాళ్ళు కూడా నాలాగా రోజాల చుట్టూ తిరగాలా?" అన్నారు.

రాశాం. మా గోడ ఇప్పుడు ఆ వ్యాసంలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

మాకు దొరికిన పదకొండూ మగవే. ఆడది దొరికేలోపే గోడ పడగొట్టి షెడ్డు కట్టారు. రెండు వానాకాలాలు బేగంపేట దాకా తుత్తురుబెండలన్నీ గాలించాం. లేదు. ఆడదాని వర్ణన చోటు ఖాళీగా వదిలేసి కూడా వ్యాసం అచ్చు వేయొచ్చు. మేడమ్ ఒప్పుకోలేదు. ఆసుపత్రిలో నా చేయి పట్టుకుని అసలు సంగతి చెప్పారు. చాలా ఏళ్ళ క్రితం ఎవరిదో పరీక్ష పెట్టెలో ఇలాంటిదే, కాస్త వెడల్పుగా ఉన్నది చూశారట, అది ఆడదే అయ్యుండాలట. పట్టించుకోకుండా మార్కులు వేసి పెట్టె ఇచ్చేశారట. "ఎవరిదో గుర్తు రావట్లేదమ్మా. వాళ్ళనే అడుగు. నేను కోప్పడనని చెప్పు."

అందుకే అడుగుతున్నాను. మీ పాత పెట్టె తెరిచి చూడండి. ఎండి పసుపు రంగులో ఉంటుంది. మెడ మీద రెండు నల్ల చుక్కలు, వెనక కాళ్ళ మోకాళ్ళు నలుపు. దుమ్ము ఉంటే ఊదకండి, కాళ్ళు విరుగుతాయి. మేడమ్ వ్యాసం వేయబోయే శాస్త్ర పత్రిక సంపాదకులు నెలాఖరు దాకా ఆగుతామన్నారు. కాబట్టి ఈ నెల ఇరవై ఐదో తేదీలోగా కాలేజీ జువాలజీ విభాగానికి ఒక కార్డు రాయండి, పెట్టె కోసం నేనే మీ ఇంటికి వస్తాను. చీటీ మీద అప్పుడు ఏ తోట పేరు రాశారో నాకు అక్కర్లేదు. మురికికాల్వైనా, రైలు కట్టైనా, మీ చేతికి అది నిజంగా దొరికిన చోటు రాయండి.