ముల్లు తెలియని పాదాలు

మా మేనత్తకు తన పాదాలంటే మహా గొప్ప. దుమ్ముగూడెం దగ్గరి పల్లెలో, అడవి అంచున, సొంత పొలం చేసుకునే మనిషి. చెప్పులు పెళ్లిళ్లకూ పేరంటాలకూ మాత్రమే. అరవై దాటాక కూడా పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని, అరికాల్లోంచి తుమ్మముల్లు పీకి మాకు చూపించేది. "సూడు బిడ్డా, గింత ముల్లు దిగింది. నాకు తెల్వనే తెల్వలే," అనేది. మేం నోళ్లు వెళ్లబెట్టి చూసేవాళ్లం.

ఆమె తమ్ముడు, అంటే మా నాన్న, పాల్వంచలో ఉద్యోగి. కుర్చీ పని, క్యాంటీన్ టీలు, మూడు పూటలా తెల్లన్నం. యాభై దాటగానే షుగర్ వచ్చింది. మా నాయనమ్మ ఇదే జబ్బుతో కాలు పోగొట్టుకుని, ఆ పుండుతోనే పోయింది. అందుకే ఇంట్లో అందరికీ నాన్న కాళ్ల గురించే బెంగ. ఆ రోజుల్లో పరీక్ష ఇంట్లోనే. ఆదివారం పొద్దున టెస్ట్ ట్యూబులో నీలం మందు పోసి, నాన్న మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచడం నా పని. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. పచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు వచ్చిందంటే ఆ పూట ఇంట్లో మాటలుండేవి కావు.

అత్త వచ్చినప్పుడల్లా నాన్నను ఆటపట్టించేది. "కుర్సీల కూసుంటే గిట్లనే అయితదిరా తమ్మీ. నా తీరు నడువు, జొన్నరొట్టె తిను." నాన్న నవ్వి ఊరుకునేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆమె మాట నిజమేననిపించి ఇంకా మండేది.

ఒకసారి ఆమె ఎడమకాలి చిటికెన వేలికి గుడ్డ కట్టుకుని వచ్చింది. ముల్లు దిగి నెల దాటిందట, మానలేదు. విప్పి చూస్తే వేలు నల్లబడి ఉంది. "నొప్పి లేదు బిడ్డా, ఊకె భయపడకు," అంది. నాయనమ్మ కూడా మొదట్లో ఇదే మాట అన్నదని అమ్మ చెప్పేది. బతిమాలి, కసురుకుని, చివరికి అత్తకూ పరీక్ష చేశాను. ఇటుక రంగు. నాన్నకు ఎప్పుడూ రానంత ముదురు. ఇన్నేళ్లూ గట్టి పాదాలని మేం మెచ్చుకున్నవి స్పర్శ పోయిన పాదాలు.

నాన్న ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. ఆమెను ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లాడు. వేలు తీసేశారు. పాదం దక్కింది.

ఆ తర్వాత చూడాలి మా అత్తను. జబ్బును దాచుకునే రోజులవి. ఆమె దాచలేదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకుని తిరిగింది, నవ్వేవాళ్లను నవ్వనిచ్చింది. ఊళ్లో వయసు మళ్లినవాళ్లను కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, చీపురుపుల్లతో అరికాలు తాకి "తెల్సిందా?" అని అడిగేది. స్పర్శ తెలియనివాళ్లను బస్సెక్కించి చక్కెర పరీక్షకు నా దగ్గరికి పంపేది. దవాఖానాలో డాక్టరు తనకు చేసిన పరీక్షను ఒక్కసారి చూసి పట్టేసింది, బడి మొహం చూడని మనిషి! చదువుకున్న నాకు ఆ ఆలోచన ఎందుకు రాలేదా అని ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఒక్క నాన్నే ఆమెకు చిక్కలేదు. "పెద్దదానివి, నా కాళ్లు ముట్టుడేంది అక్కా? పాపం," అని తప్పించుకునేవాడు. ఒకనాడు మా ఇంట్లో ఆమె పట్టుబట్టి ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుని, ఆయన పాదం ఒళ్లో పెట్టుకుంది. నాన్న కళ్లు మూసుకున్నాడు.

"తెల్సిందా తమ్మీ?"

"అవ్ అక్కా, తెల్సింది. ఇగ సాలు."

పుల్ల ఇంకా ఆమె చేతిలోనే, గాల్లోనే ఉంది. అత్త నా వైపు చూసింది.

"నేనింకా ముట్టియ్యనే లేదురా," అంది.

నాన్న కళ్లు తెరవలేదు. "నాకెరుకే అక్కా. ఏడాది సంది తెలుస్తలేదు. అమ్మ తీరు అయితదని భయమై ఎవ్వరికీ చెప్పలే."

అత్త ఆ పాదాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదలు. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, పాదం తిప్పి, వేళ్ల సందులన్నీ ఒక్కొక్కటిగా వెతికి చూసింది. ఎక్కడా పుండు లేదు.

"రెండో కాలు ఇటియ్యి," అంది.